డేటాబేస్ నిండిపోయిందంటున్నారు, నిజమేనా?

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పొడవైన ఉత్తరం రాశారు. ఆమె ఒక సరుకుల రవాణా సంస్థలో ఆరేళ్లుగా డేటాబేస్ బాధ్యతలు చూస్తున్నారు. పార్సిల్ ఒక కేంద్రానికి చేరినా, అక్కడి నుంచి బయలుదేరినా జరిగే ప్రతి స్కాన్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఒకే టేబుల్‌లో ఒక రికార్డుగా చేరుతుంది. సంస్థ చిన్నగా ఉన్నప్పుడు, రోజుకు లక్ష స్కాన్లకు మించి రావని పైవాళ్లు చెప్పినప్పుడు, ఆ టేబుల్‌ను రూపొందించింది ఆమే. ఇప్పుడు రోజుకు 20 లక్షల స్కాన్లు వస్తున్నాయి. టేబుల్‌లో 140 కోట్ల రికార్డులు పేరుకున్నాయి. డేటా 600 జీబీ, దాని మీద ఉన్న, రికార్డులను త్వరగా వెతికిపెట్టే 11 ఇండెక్సులన్నీ కలిపి మరో 700 జీబీ. సర్వర్ మెమరీ 128 జీబీ.

కొత్తగా వచ్చిన టీమ్ లీడర్ మొదటి నెలలోనే ఒక మాట తేల్చేశారట. పోస్ట్‌గ్రెస్ వంటి, డేటాను టేబుళ్లుగా దాచే రిలేషనల్ డేటాబేస్ వంద కోట్ల రికార్డులు దాటితే పనిచేయదు, ఏడాదిలో అంతా, డేటాను డాక్యుమెంట్లుగా అనేక యంత్రాల మీద పంచిపెట్టే డిస్ట్రిబ్యూటెడ్ డాక్యుమెంట్ డేటాబేస్‌లోకి మార్చేద్దాం అన్నారట. ఆమెకు అది అన్యాయంగా తోచింది. అందరి ముందు పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ తెరిచి చూపించారు. ఒక టేబుల్ 32 టీబీ వరకు పెరగవచ్చని అందులో ఉంది, మనది అందులో రెండు శాతం కూడా లేదు, దిగులు పడవలసింది ఏమీ లేదు అని వాదించారు. మూడు వారాలు తిరగకుండానే, ఎప్పుడూ నాలుగు నిమిషాల్లో వచ్చే నెలాఖరు రిపోర్టు మూడు గంటలైనా రాలేదు. అర్ధరాత్రి మొదలయ్యే బ్యాకప్ ఇప్పుడు పొద్దుటి స్కాన్లు మొదలయ్యాక కూడా నడుస్తూనే ఉంది.

"అప్పటి నుంచి మీటింగులో నేను నోరు విప్పితే చాలు, ఎవరో ఒకరు '32 టీబీ' అంటారు, అందరూ నవ్వుతారు. ఆయన చెప్పిందే నిజమా? మాన్యువల్ అబద్ధం చెబుతుందా? ఆయన ప్రణాళికను ఎదిరించాలా, తల వంచుకుని చెప్పింది చేయాలా, వేరే ఉద్యోగం చూసుకోవాలా?" అని అడుగుతున్నారు. ఉత్తరం ముగించే ముందు టేబుల్ వివరాలు రాస్తూ ఇంకొక విషయం కూడా చేర్చారు. ఐడీ కాలమ్ ఇంటీజర్ రకం, చివరి రికార్డు ఐడీ 168 కోట్లు, ఇంతవరకూ ఒక్క రికార్డునూ తొలగించలేదు.

సమాధానం:

మీ ప్రశ్నలన్నిటికీ వస్తాను. కానీ చివర మీరు మామూలుగా రాసేసిన ఆ ఐడీ సంగతి ముందు మాట్లాడుకోవాలి. మీరూ మీ టీమ్ లీడరూ వాదించుకుంటున్న హద్దు చాలా సంవత్సరాల దూరంలో ఉంది. ఇది నెలల దూరంలోనే ఉంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంటీజర్ అంటే 4 బైట్లు, అంటే 32 బిట్లు. ధన, రుణ సంఖ్యలను వేరుచేయడానికి ఒక బిట్ పోతే, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. మీరు 168 కోట్ల దగ్గర ఉన్నారు కాబట్టి మిగిలింది సుమారు 46 కోట్ల 74 లక్షల నంబర్లు. రోజుకు 20 లక్షల చొప్పున 233 రోజులకు సరిపోతాయి. అయితే ఆ లెక్కను కూడా నమ్మవద్దు. ఒక్క రికార్డూ తొలగించకుండా, 140 కోట్ల రికార్డులకు 168 కోట్ల నంబర్లు ఎలా ఖర్చయ్యాయి? ఐడీలకు వరుస నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ ఒకసారి ఇచ్చిన నంబరును వెనక్కు తీసుకోదు. ట్రాన్సాక్షన్ (ఒకే విడతగా జరిగే మార్పుల గుంపు) రద్దయినా ఆ నంబరు పోయినట్టే. నెట్‌వర్క్ తెగి స్కానర్ అదే స్కాన్‌ను రెండోసారి పంపినప్పుడు, 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్' అని రాసి మీ ప్రోగ్రామ్ ఆ నకలును వదిలేస్తూ ఉంటే, రికార్డు చేరదు గానీ నంబరు మాత్రం ఖర్చయిపోతుంది. మీ దగ్గర జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. ప్రతి ఆరు నంబర్లలో ఒకటి ఇలా వృథా అవుతోంది. ఆ లెక్కన రోజుకు 24 లక్షలు పోతున్నాయి, మీకు మిగిలింది 195 రోజుల లోపే. స్కాన్లు పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మీ టీమ్ లీడర్ అడుగుతున్నది ఏడాది.

ఆ రోజు వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పాత రికార్డులు చదవడానికి ఏ అడ్డూ ఉండదు. డిస్కు మీద చోటు ఉంటుంది, మీరు చూపించిన 32 టీబీలో 98 శాతం ఖాళీగానే ఉంటుంది. కానీ కొత్త స్కాన్ ఒక్కటి కూడా లోపలికి వెళ్లదు, ప్రతి ఇన్‌సర్ట్ ఎర్రర్‌తో తిరిగి వస్తుంది. ఈ సంఖ్య మీ ఒక్కరికే ఎదురైనది కాదు. 2014 డిసెంబర్‌లో యూట్యూబ్‌లో ఒక పాట వీక్షణల సంఖ్య సరిగ్గా ఈ అంకెను దాటింది, వాళ్లు తమ కౌంటర్‌ను 64 బిట్లకు మార్చవలసి వచ్చింది.

ఇది చదివి మిమ్మల్ని మీరు నిందించుకుంటారేమోనని ఒక లెక్క చెబుతున్నాను. రోజుకు లక్ష స్కాన్లు అని మీకు చెప్పిన నాటి అంచనా ప్రకారం 214 కోట్ల నంబర్లు 58 ఏళ్లకు పైగా సరిపోతాయి. అప్పుడు ఇంటీజర్ ఎంచుకోవడం సబబే. అంచనా ఇరవై రెట్లు మారాక ఎవరూ వెనక్కు తిరిగి ఆ కాలమ్ వైపు చూడలేదు, అంతే. అలా చూడడం మీ ఒక్కరి పనీ కాదు.

ఇక మాన్యువల్ అబద్ధం చెప్పిందా అన్న ప్రశ్న. లేదు. మీరు చదివినది నిజమే. ఆ 32 టీబీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది.

రిలేషనల్ నమూనాను 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించినప్పుడు, ఒక రిలేషన్‌లో (అంటే టేబుల్‌లో) ఇన్ని వరుసలకు మించి ఉండకూడదన్న నియమం ఏదీ పెట్టలేదు. సిద్ధాంతానికి పరిమాణంతో పనిలేదు. హద్దులన్నీ ఆ సిద్ధాంతాన్ని యంత్రం మీదికి దించినప్పుడు, ఏ చిరునామాకు ఎన్ని బిట్లు కేటాయించాలన్న నిర్ణయంలో పుట్టినవి. పోస్ట్‌గ్రెస్ టేబుల్‌ను 8 కేబీ పేజీలుగా విడగొట్టి, ప్రతి పేజీకీ 32 బిట్ల నంబరు ఇస్తుంది. 32 బిట్లతో సుమారు 429 కోట్ల పేజీలను గుర్తించవచ్చు. దాన్ని 8 కేబీతో హెచ్చిస్తే 32 టీబీ. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో డేటాను దాచే భాగమైన ఇన్నోడీబీ కూడా పేజీకి 32 బిట్ల నంబరే వాడుతుంది, కానీ పేజీ 16 కేబీ, అందుకే ఒక టేబుల్‌స్పేస్‌కు 64 టీబీ. ఎస్‌క్యూలైట్‌లో పేజీని 64 కేబీ వరకు పెంచుకోవచ్చు, అందుకే అక్కడ డేటాబేస్ హద్దు 281 టీబీ అని రాసి ఉంటుంది. మూడు చోట్లా లోపల ఉన్నది అదే 429 కోట్లు, మారినది పేజీ పరిమాణం ఒక్కటే. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక డేటాబేస్ 5,24,272 టీబీ వరకు పెరగవచ్చంటుంది. ఇది చూసి ఎవరూ డేటాబేస్ ఎంచుకోకూడదు, ఎందుకంటే అది 32,767 ఫైళ్లను ఒక్కో ఫైలు గరిష్ఠ పరిమాణమైన 16 టీబీతో హెచ్చించగా వచ్చిన గుణకారం మాత్రమే.

ఎస్‌క్యూలైట్‌ను తయారుచేసినవాళ్లు ఈ విషయంలో ఎంతో నిజాయితీగా ఉంటారు. ఆ పెద్ద హద్దును తాము పరీక్షించలేదని, అంత పరిమాణానికి చేరగల యంత్రాలు తమ దగ్గర లేవని వాళ్ల పత్రాల్లోనే రాసుకున్నారు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ కూడా మిమ్మల్ని మోసం చేయలేదు. మీరు మీటింగులో చూపించిన ఆ పట్టికకు సరిగ్గా పైన ఒక వాక్యం ఉంది. ఈ కఠిన పరిమితులను చేరకముందే పనితీరు, డిస్కు మీది చోటు వంటి ఆచరణ పరిమితులు అడ్డు రావచ్చని దాని సారాంశం. పట్టికలోనే దానికి సాక్ష్యం కూడా ఉంది. ఒక టేబుల్‌లో 1,600 కాలమ్‌లు ఉండవచ్చంటుంది, కానీ రికార్డు ఒక పేజీలో పట్టాలి. 8 బైట్ల కాలమ్‌లు 1,600 నింపితే 12,800 బైట్లు అవుతాయి, 8 కేబీ పేజీలో పట్టవు. ఒక హద్దుకు చేరేలోపే ఇంకొకటి అడ్డుపడుతుంది.

కాబట్టి మీ వాక్యంలో మొదటి సగం సరైనది, రెండో సగం కాదు. 'రెండు శాతం కూడా లేదు' అన్నది వాస్తవం. 'దిగులు పడవలసింది ఏమీ లేదు' అన్నది ఆ వాస్తవం నుంచి రాదు. మీ టీమ్ లీడర్ వాక్యానికి ఇది తలకిందులు. 'వంద కోట్లు దాటితే పనిచేయదు' అన్న హద్దు ఏ మాన్యువల్‌లోనూ లేదు, కానీ ఏదో ఇబ్బంది వస్తుందన్న ఆయన భయం నిజమైంది. అందుకే సంఖ్య చూపించిన మీరు ఓడినట్టు, సంఖ్య లేకుండా మాట్లాడిన ఆయన గెలిచినట్టు కనిపిస్తోంది. అది మీకు ఎంత బాధగా ఉందో ఉత్తరంలో ప్రతి పంక్తిలో తెలుస్తోంది. ఆ నవ్వుల మధ్య కూర్చుని పనిచేయడం తేలిక కాదు.

మరి ఆ రిపోర్టు ఎందుకు ఆగిపోయింది? రికార్డుల సంఖ్య పెరిగినంత మాత్రాన ఒక రికార్డును వెతకడం కష్టం కాదు, ఈ సంగతి మీ టీమ్ లీడర్‌కు తప్పకుండా చెప్పండి. 8 కేబీ పేజీలో, వెతకడానికి వాడే 8 బైట్ల కీలు మూడు నాలుగు వందలు పడతాయి. చెట్టులా అంచెలంచెలుగా విడిపోయే బీ-ట్రీ ఇండెక్స్ మూడు అంచెల్లో సుమారు 5 కోట్ల రికార్డులను, నాలుగు అంచెల్లో వెయ్యి కోట్లకు పైగా రికార్డులను అందుకోగలదు. అంటే పది కోట్ల రికార్డులున్నప్పుడు ఒక పార్సిల్‌ను వెతకడానికి ఎన్ని పేజీలు చదవవలసి వచ్చేదో, 140 కోట్లున్నప్పుడూ అన్నే. మారేది ఆ పేజీలు ఎక్కడ ఉన్నాయన్నది. 700 జీబీ ఇండెక్సులు 128 జీబీ మెమరీలో పట్టవు. తరచూ వాడే భాగం మెమరీలో ఉన్నంత కాలం అంతా బాగానే నడుస్తుంది. అది ఒక్కసారి పొంగి బయటపడ్డాక ప్రతి పనికీ డిస్కు దగ్గరికి వెళ్లాలి, మంచి ఎస్‌ఎస్‌డీ అయినా మెమరీ కంటే వందల రెట్లు నిదానం. ఈ క్షీణత కొద్దికొద్దిగా కనిపించదు. నిన్నటి వరకు మామూలుగా ఉన్నది ఇవాళ హఠాత్తుగా ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

కానీ నాలుగు నిమిషాలు మూడు గంటలు కావడానికి నేను ముందుగా అనుమానించేది ఇంకొకటి. క్వెరీని, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను, ఏ దారిలో నడపాలో నిర్ణయించే ప్లానర్, టేబుల్ గురించి సేకరించి పెట్టుకున్న గణాంకాల మీద ఆధారపడుతుంది. మీరు ప్రత్యేకంగా మార్చకపోతే, టేబుల్‌లో పదో వంతు మారాక గానీ వెనకాల దానంతటదే నడిచే ఆటోవాక్యూమ్ ఆ గణాంకాలను మళ్లీ సేకరించదు. కోటి రికార్డులున్నప్పుడు పదో వంతు అంటే పది లక్షలు, మీకు సగం రోజు. 140 కోట్లున్నప్పుడు పదో వంతు 14 కోట్లు, అంటే 70 రోజులు. మీరు గత నెల రిపోర్టు అడుగుతున్నారు, ప్లానర్ దగ్గరున్న సమాచారం రెండు నెలల పాతది. ఆ నెలలో రికార్డులు కొద్దిగానే ఉంటాయని అది అంచనా వేసి, కొద్ది రికార్డులకు మాత్రమే పనికొచ్చే దారి పట్టి ఉండవచ్చు. తేల్చుకోవడం సులువు. 'ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్' పెట్టి, అంచనా వేసిన రికార్డుల సంఖ్యనూ నిజంగా వచ్చిన సంఖ్యనూ పోల్చి చూడండి. రెండిటి మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంటే కారణం దొరికినట్టే. ఆ టేబుల్ మీద, గణాంకాలను మళ్లీ సేకరించే ఎనలైజ్ నడపండి. టేబుల్ ఎంత పెద్దదైనా, మామూలు అమరికలో అది 30,000 రికార్డుల నమూనానే తీసుకుంటుంది కాబట్టి ఎక్కువ సేపు పట్టదు. తర్వాత ఆ ఒక్క టేబుల్‌కే ఎనలైజ్ నిష్పత్తిని బాగా తగ్గించండి. చిన్న టేబుల్‌కు సరిపోయిన నిష్పత్తి పెద్ద టేబుల్‌కు చెల్లదు. ఇలాంటి హద్దులు ఏ పట్టికలోనూ ఉండవు.

బ్యాకప్ విషయంలో ఆయన భయపడితే తప్పు లేదు. డిస్కు గానీ నెట్‌వర్క్ గానీ సెకనుకు 100 ఎంబీ చొప్పున ఇస్తుంటే 1.3 టీబీకి దాదాపు నాలుగు గంటలు. అదే వేగంతో 32 టీబీ బ్యాకప్‌కు నాలుగు రోజులు. మీరు చూపించిన హద్దు దగ్గరికి ఎవరైనా నిజంగా వెళ్తే ఎదురయ్యేది ఇది. అంతకంటే ముఖ్యంగా, ఆ బ్యాకప్‌ను తిరిగి నిలబెట్టడానికి ఎంతసేపు పడుతుందో మీరు ఎక్కడా రాయలేదు. ఇండెక్సులను కాపీ చేయని పీజీ డంప్‌తో తీసినదైతే 11 ఇండెక్సులనూ మొదటి నుంచి కట్టాలి. సంస్థ ఎన్ని గంటలు ఆగగలదో కనుక్కోండి. మీ డేటాబేస్‌కు నిజమైన పరిమాణ పరిమితి అదే. ఫైళ్ల స్థాయిలో బ్యాకప్ తీసి, మార్పుల లాగ్‌ను విడిగా దాచే పద్ధతికి మారితే పరిస్థితి చాలా మెరుగవుతుంది. 17వ వెర్షన్ నుంచి, మారినంత మేరకే బ్యాకప్ తీసే సదుపాయం పోస్ట్‌గ్రెస్‌లోనే ఉంది.

ఇక మీ ముందున్న దారులు. ఐడీ సమస్య ఏ దారి పట్టినా తీర్చుకోవలసిందే కాబట్టి దానితో మొదలుపెడతాను.

అన్నిటికంటే సూటిగా కనిపించేది, ఆల్టర్ టేబుల్‌తో కాలమ్‌ను బిగ్‌ఇంట్‌గా మార్చడం. 64 బిట్ల బిగ్‌ఇంట్‌లో సెకనుకు పది లక్షల నంబర్లు ఖర్చు చేసినా 2,92,000 ఏళ్లు పడుతుంది. కానీ ఈ ఒక్క ఆదేశం మొత్తం టేబుల్‌నూ 11 ఇండెక్సులనూ తిరగరాస్తుంది, అంతసేపూ చదవడానికి కూడా ఎవరినీ లోపలికి రానివ్వదు. స్కాన్లు చాలా గంటలు ఆగినా ఫర్వాలేదనుకునే సంస్థకే ఇది కుదురుతుంది.

రెండోది, పక్కనే ఒక ఖాళీ బిగ్‌ఇంట్ కాలమ్ చేర్చి, కొత్త రికార్డులకు, రికార్డు చేరేటప్పుడు దానంతటదే నడిచే ట్రిగర్ ద్వారా అందులోనూ నంబరు పడేలా చేసి, పాతవాటిని కొన్ని వేల చొప్పున రాత్రుళ్లు నింపుకుంటూ పోవడం. అంతా నిండాక, ఒకే నంబరు రెండుసార్లు రాకుండా చూసే యునీక్ ఇండెక్స్‌ను రాతలను ఆపని 'కాన్‌కరెంట్లీ' పద్ధతిలో కట్టి, ఒక చిన్న ట్రాన్సాక్షన్‌లో పేర్లు మార్చేయవచ్చు. స్కాన్లు ఆగవు. అయితే పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే రికార్డు కొత్త ప్రతిని రాయడమే కాబట్టి, మధ్యమధ్య పాత ప్రతులను శుభ్రం చేసే వాక్యూమ్ చేయకుండా తొందరపడితే టేబుల్ దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది. వారాల తరబడి ఓపికగా చేయవలసిన పని.

మూడోది తాత్కాలిక ఊరట. ఇంటీజర్‌లో సున్నాకు కింద ఉన్న సగాన్ని మీరు వాడనేలేదు. సీక్వెన్స్‌ను మైనస్ 214 కోట్ల దగ్గర మొదలుపెడితే మరో 214 కోట్ల నంబర్లు వస్తాయి, ఇది నిమిషాల్లో అయ్యే పని. కానీ ఐడీ పెద్దదైతే రికార్డు కొత్తదని నమ్మి రాసిన ప్రతి క్వెరీ తప్పు జవాబు ఇస్తుంది, అదీ ఏ ఎర్రరూ చూపకుండా. గడువు మీద పడినప్పుడు ఆఖరి ఆయుధంగా ఉంచుకోండి.

నేను మొగ్గేది నాలుగో దారి వైపు, ఎందుకంటే అది ఐడీనీ మెమరీనీ ఒకేసారి పట్టించుకుంటుంది. స్కాన్ సమయాన్ని బట్టి నెలకొక భాగంగా విడిపోయే కొత్త పార్టిషన్ టేబుల్‌ను, మొదటి నుంచే బిగ్‌ఇంట్ ఐడీతో కట్టండి. పాత టేబుల్‌ను దానికి ఒక భాగంగా తగిలించేద్దామని అనిపిస్తుంది, కానీ కాలమ్ రకాలు కలవకపోతే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. అందుకని ఒక తేదీ నుంచి కొత్త స్కాన్లన్నీ కొత్త టేబుల్‌కు పంపి, చదివేవాళ్ల కోసం రెండిటినీ యూనియన్ ఆల్‌తో కలిపి ఒకే టేబుల్‌లా చూపే ఒక వ్యూ పెట్టండి. పాత రికార్డులను తీరికగా నెలల వారీగా అటు మార్చుకోవచ్చు, లేదా అవసరం లేనివాటిని ఆర్కైవ్‌కు పంపవచ్చు. నెలకు వచ్చేది 6 కోట్ల రికార్డులు. 140 కోట్లకు 700 జీబీ ఇండెక్సులైతే ఒక నెల ఇండెక్సులకు 30 జీబీ చాలు, మీ 128 జీబీలో హాయిగా పడుతుంది. పాత నెలను వదిలించుకోవాలంటే డిలీట్‌తో కోట్ల రికార్డులను చెరిపి వాక్యూమ్ కోసం ఎదురుచూడనక్కరలేదు, ఆ భాగాన్ని డ్రాప్ చేస్తే చోటు వెంటనే డిస్కుకు తిరిగి వస్తుంది.

దీనికీ మూల్యం ఉంది. పార్టిషన్ టేబుల్‌లో, ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే ప్రైమరీ కీలో పార్టిషన్ కాలమ్ తప్పనిసరిగా ఉండాలి, కాబట్టి ఐడీ ఒక్కటే ఎక్కడా రెండుసార్లు రాకూడదన్న హామీ డేటాబేస్ ఇవ్వదు, సీక్వెన్స్ మీద నమ్మకం పెట్టుకోవాలి. నకళ్లను పట్టుకునే మీ యునీక్ నియమాన్ని కూడా ఇదే కోణంలో మళ్లీ చూసుకోవాలి, ముఖ్యంగా పాత టేబుల్ నుంచి కొత్తదానికి మారే రోజున. తేదీ చెప్పకుండా పార్సిల్ నంబరుతో వెతికే క్వెరీ అన్ని నెలల ఇండెక్సులనూ తట్టాలి, నెలలు వందకు చేరితే అది బరువే. మీ క్వెరీల్లో ఎన్నిటికి తేదీ ఉందో లెక్కపెట్టకుండా ఈ దారిలో దిగవద్దు.

ఈ నాలుగింటిలో ఏది పట్టినా, ఈ ఐడీని దాచుకున్న ఇతర టేబుళ్లనూ, దాన్ని 32 బిట్ల రకంలోకి చదువుకునే ప్రోగ్రామ్ కోడ్‌నూ వెతికి మార్చాలి. డేటాబేస్‌లో మార్చి కోడ్‌లో మరచిపోతే, సరిగ్గా 214 కోట్లు దాటిన రోజునే మళ్లీ అదే గోడ తగులుతుంది. ఏ దారిలోనైనా ముందు చేయదగ్గ చవకైన పని ఇంకొకటి ఉంది. 11 ఇండెక్సుల్లో ఏవి ఎవరికీ అక్కరలేదో 'పీజీ స్టాట్ యూజర్ ఇండెక్సెస్' వ్యూలో చూడండి. ఒక్కసారి కూడా వాడనివి రెండు మూడు దొరకవచ్చు. యునీక్ నియమాన్ని కాపాడేవాటిని మాత్రం ముట్టుకోవద్దు, రెప్లికా (డేటాబేస్ రెండో ప్రతి) మీద రిపోర్టులు నడుపుతుంటే అక్కడి లెక్క విడిగా చూడండి.

ఇక మీ టీమ్ లీడర్ దారి, అంటే మరో రకం డేటాబేస్‌కు మారడం. దాన్ని నేను కొట్టిపారేయను. రాతల భారం ఒక్క యంత్రం మోయలేనంతగా పెరిగితే డేటాను యంత్రాల మధ్య పంచడం తప్పదు. కానీ రోజుకు 20 లక్షలు అంటే సగటున సెకనుకు 23 స్కాన్లు. రద్దీ వేళల్లో పదింతలైనా ఒక మంచి సర్వర్‌కు అది బరువు కాదు. అక్కడికి వెళ్తే టేబుళ్లను కలిపి చదివే జాయిన్లు, టేబుళ్ల మధ్య లంకె తెగకుండా చూసే ఫారిన్ కీ నియమాలు, ఇప్పుడు డేటాబేస్ మోస్తున్న ఎన్నో హామీలు చాలావరకు మీ కోడ్ మీద పడతాయి. హద్దులు అక్కడ లేవని అనుకుంటే అది పొరపాటు. మోంగోడీబీలో ఒక డాక్యుమెంట్ 16 ఎంబీ మించకూడదు, డైనమోడీబీలో ఒక ఐటమ్ 400 కేబీ మించకూడదు, కసాండ్రాలో ఒక పార్టిషన్‌లో 200 కోట్ల సెల్స్‌కు మించి పట్టవు. ఒక పార్సిల్ చరిత్రనంతా ఒకే డాక్యుమెంట్‌లో పెడదామని ఎవరైనా అంటే ఈ అంకెలు గుర్తుచేయండి. అన్నిటికీ మించి, ఆ తరలింపు ఏడాది పడుతుంది, మీ ఐడీలు ఆరు నెలల్లో అయిపోతాయి. ఆయన దారే పట్టినా మధ్యలో ఈ వంతెన కట్టక తప్పదు.

ఎదిరించాలా, తల వంచాలా అని అడిగారు. మీరు ఆయనతో మీటింగులో కాకుండా విడిగా మాట్లాడాలని నా కోరిక. అందరి ముందు మొదలైన వాదం అందరి ముందు తీరదు, అక్కడ ఇద్దరికీ గెలవాలన్న పట్టుదలే మిగులుతుంది. 32 టీబీ ప్రస్తావనే తేవద్దు. "మీరు భయపడినది నిజమే, నేను చూపించిన హద్దు మనకు తగిలేది కాదు. తగిలేది ఇది" అని ఐడీ లెక్కను తేదీతో సహా ఆయన ముందు పెట్టండి. మొదట ఐడీ, తర్వాత రిపోర్టు, బ్యాకప్, ఇవి కుదుటపడ్డాక మీ డేటాకు రెండింతల నకలుతో రెండు డేటాబేసుల్లోనూ పరీక్ష నడిపి, తరలింపు సంగతి అప్పుడు తేలుద్దామని అడగండి. సంఖ్యలు చూసి మనసు మార్చుకునే మనిషైతే, ఇప్పుడు దూరంగా కనిపిస్తున్న ఆయనే మీకు అండ అవుతారు. వినకపోతే అదే లెక్కను ఆయనకూ ఆయన పైవారికీ కలిపి ఈమెయిల్‌గా పంపండి. ఇది ఆయనకు నచ్చకపోవచ్చు, కొన్నాళ్లు మీ మధ్య దూరం పెరగవచ్చు. కానీ స్కాన్లు ఆగిపోయే రోజును ముందే తెలిసి ఊరుకోవడం కంటే అది నయం.

ఉద్యోగం మారే ఆలోచన అవమానం వల్ల వచ్చిందా, పని మీద ఆశ పోయిందా అన్నది మీరే తేల్చుకోవాలి. అవమానమే అయితే కొన్ని నెలలు ఆగమంటాను, ఎందుకంటే ఈ టేబుల్‌ను మీ అంతగా ఎరిగినవారు అక్కడ లేరు, ఈ మార్పును నడిపించిన అనుభవం తర్వాత ఎక్కడికి వెళ్లినా మీకు బలమవుతుంది. రాతపూర్వకంగా తేదీ చెప్పినా నెల రోజుల్లో ఎవరూ కదలకపోతే మాత్రం, వెళ్లడంలో తప్పు లేదు. అప్పుడు కూడా ఐడీ లెక్కలూ ఏం చేయాలో ఒక పేజీలో రాసి, మీ చోట్లో కూర్చునేవారికి అప్పగించి వెళ్లండి.

మీ టీమ్ లీడర్ ఏమన్నా సరే, ఈ వారంలోనే సీక్వెన్స్ విలువను రోజూ నమోదు చేసే చిన్న జాబ్ ఒకటి పెట్టండి. అది 180 కోట్లు, 190 కోట్లు, 200 కోట్లు దాటినప్పుడల్లా మీకూ ఆయనకూ ఒకేసారి హెచ్చరిక వెళ్లేలా చూడండి.